స్టార్ పెట్టిన మెసేజీలన్నీ చదివినట్టేనా డాక్టరమ్మా?

ప్రశ్న: సార్ నమస్తే. నేను కార్డియాలజీ పూర్తి చేసి తొమ్మిదేళ్లయింది. పొద్దున రౌండ్స్, తర్వాత ఓపీ, మధ్యాహ్నం నుంచి క్యాథ్ ల్యాబ్, ఇంటికొచ్చేసరికి రాత్రి. ఫోన్ తీస్తే నాలుగు డాక్టర్ల గ్రూపుల్లో వందలకొద్దీ మెసేజీలు, సగం ఏదో ఒక ట్రయల్ స్లైడ్ ఫొటోలే. తర్వాత చదువుదామని స్టార్ పెట్టుకుంటా, ఒక్కటీ తెరవను. పోయిన నెల రౌండ్స్‌లో మా జూనియర్ పాప "మేడమ్, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం శాతం) బాగున్నవాళ్లకి గుండెపోటు తర్వాత బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) అక్కర్లేదని వచ్చింది కదా, మనం ఎందుకు రాస్తున్నాం" అని అందరి ముందు అడిగింది, పక్కనున్న కుర్రాడు "లేదు, కావాలని కూడా అదే మీటింగ్‌లో వచ్చింది" అన్నాడు. నాకు రెండూ తెలీదు, తల తీసేసినట్టయింది. దానికి తోడు ఈ ఏడాది క్రెడిట్ అవర్స్ (డాక్టర్లు చదువు కొనసాగిస్తున్నట్టు చూపించే గంటలు) తక్కువ పడ్డాయి, ఆన్‌లైన్ కోర్సులు ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క పని చేసుకుంటున్నా. ఒక కంపెనీ వాళ్లు పెద్ద కాన్ఫరెన్స్‌కి తీసుకెళ్తామంటున్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: డాక్టరమ్మా, మీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, ఏమనుకోకండి, ఆ స్టార్ల సంగతి అచ్చం నాదే. మా రోజుల్లో ఫోన్లో స్టార్ లేదు గానీ జిరాక్స్ ఉండేది. లైబ్రరీలో మంచి పేపర్ కనపడితే జిరాక్స్ తీయించి బ్యాగులో పెట్టుకునేవాళ్లం, జిరాక్స్ తీశామంటే సగం చదివేసినట్టే అనిపించేది, ఆ కట్టలు గదిలో మూలన పెరిగి పెరిగి చివరికి ఇల్లు మారేటప్పుడు విప్పను కూడా విప్పకుండా పారేశా. కాబట్టి మీదేం కొత్త జబ్బు కాదు.

ఆ పాప అందరి ముందు అడిగిందని బాధపడుతున్నారు చూడండి, నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అదొక్కటే మంచి వార్తలా కనపడింది. స్టార్ పెట్టుకున్న మెసేజీల్లో ఏ ఒక్కదానికీ ఎదురుగా మంచం మీద పేషెంట్ లేడు, ఈ ప్రశ్నకి ఉన్నాడు. అందుకని ముందు దాని సంగతే తేల్చుకుందాం, మిగతావి దాంట్లోంచే వస్తాయి.

అసలు గుండెపోటు తర్వాత అందరికీ బీటా బ్లాకర్ రాసే అలవాటు మనకి ఎక్కడ్నుంచి వచ్చింది? 1981లో నార్వే వాళ్లు టిమొలాల్ మీద చేసిన ట్రయల్, 1982లో అమెరికాలో ప్రొప్రనొలాల్ మీద వచ్చిన బీహాట్, ముఖ్యంగా ఈ రెండిట్నుంచి, ఆ మందులు రెండూ బీటా బ్లాకర్లే. బీహాట్‌లో 3837 మంది, మందు తీసుకున్నవాళ్లలో 7.2 శాతం చనిపోతే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9.8 శాతం చనిపోయారు. తక్కువ తేడా ఏం కాదు. కానీ ఆ రోజుల్లో గుండెపోటు వచ్చినవాడికి మనం చేసేదేముంది, స్టెంట్ లేదు, స్టాటిన్ లేదు, మూసుకుపోయిన నాళాన్ని తెరవడం అనేదే ఇంకా వాడుకలోకి రాలేదు, కండరంలో పెద్ద ముక్క చచ్చిపోయి మచ్చ పడేది, ఆ మచ్చ చుట్టూ రిథమ్ చెడి మనిషి హఠాత్తుగా పోయేవాడు, అక్కడ బీటా బ్లాకర్ కాపాడింది. ఇవాళ మీరు గంటన్నరలోపు నాళం తెరిచేసి, ఈఎఫ్ 58తో ఇంటికి పంపిస్తున్న మనిషీ ఆ 1982 మనిషీ ఒకటేనా? ఈ అనుమానం చాలామందికి ఎప్పట్నుంచో ఉంది, కాకపోతే పాత మందు, చవక మందు, దాని మీద మళ్లీ వేలమందితో ట్రయల్ చేయించడానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది చెప్పండి.

చివరికి చేశారు. 2024లో రెడ్యూస్ ఏఎంఐ వచ్చింది, ఎక్కువమంది స్వీడన్ వాళ్లే, 5020 మంది, అందరికీ ఈఎఫ్ 50 లేదా అంతకన్నా ఎక్కువ. చావు లేదా మళ్లీ గుండెపోటు, బీటా బ్లాకర్ గ్రూపులో 7.9 శాతం, లేనివాళ్లలో 8.3. అంటే తేడా లేనట్టే. అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి అబిస్ వచ్చింది, వీళ్లడిగింది వేరే ప్రశ్న, ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లు ఆపేయొచ్చా అని. 3698 మంది, ఆపినవాళ్లలో 23.8 శాతానికి ఏదో ఒకటి జరిగింది, కొనసాగించినవాళ్లలో 21.1, తేడా ఎక్కువగా ఆస్పత్రిలో చేరడాల దగ్గరే వచ్చింది. "ఆపినా ఫర్వాలేదు" అని వాళ్లు నిరూపించలేకపోయారు. మొదలుపెట్టాలా వద్దా అనేది వేరు, నడుస్తున్నదాన్ని ఆపాలా వద్దా అనేది వేరు, గ్రూపుల్లో తిరిగే స్లైడ్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. (మధ్యలో ఒక మాట, ఇది డాక్టర్లు కానివాళ్లూ చదువుతారు కాబట్టి, మీ అంతట మీరు బీటా బ్లాకర్ ఆపేయకండి బాబూ, ఉన్నపళంగా ఆపితే గుండె వేగం, నొప్పి తిరగబడతాయి, మీ డాక్టర్ని అడగండి.)

ఇక మీ జూనియర్లు దెబ్బలాడుకున్నది 2025 ఆగస్టు చివర్లో మాడ్రిడ్‌లో యూరోపియన్ సొసైటీ కాంగ్రెస్‌లో వచ్చిన రెండింటి గురించి. రీబూట్ అనేది స్పెయిన్, ఇటలీ వాళ్లది, ఎనిమిదివేల నాలుగొందల పైన మంది, ఈఎఫ్ 40 పైన, దాదాపు నాలుగేళ్లు చూశారు, లాభం లేదన్నారు. ఇంకోటి నార్వే, డెన్మార్క్ వాళ్లు కలిపి చేసిన బెటామీ డాన్‌బ్లాక్, 5574 మంది, ఈఎఫ్ 40 నుంచి పైకి, బీటా బ్లాకర్ వాళ్లలో 14.2 శాతం, లేనివాళ్లలో 16.3, లాభం ఉందన్నారు. చూడ్డానికి ఒకటి అవునంటే ఇంకోటి కాదన్నట్టుంది కదా. ఇప్పుడు లోపలికి దిగండి. రీబూట్ వాళ్లు లెక్కపెట్టింది చావు, మళ్లీ గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరడం. రెండోవాళ్లు వాటితోపాటు స్ట్రోక్, అనుకోకుండా మళ్లీ స్టెంట్ పడటం, ప్రమాదకరమైన రిథమ్ తేడాలు కూడా ఒకే బుట్టలో వేశారు. రెండో ట్రయల్లో చావులు చూడండి, 4.2కి 4.4, అక్కడ ఏమీ లేదు, తేడా వచ్చింది ముఖ్యంగా కొత్త గుండెపోట్ల దగ్గర, 5.0కి 6.7. పైగా రెండింట్లోనూ ఎవరేం వేసుకుంటున్నారో పేషెంటుకీ తెలుసు, డాక్టర్‌కీ తెలుసు, ఉత్తుత్తి మాత్ర లేదు.

తర్వాత ఆ ట్రయల్స్ వాళ్లే తమ లెక్కలు ఒకచోట పోసి చూశారు. ఈఎఫ్ 40 నుంచి 49 మధ్య ఉన్నవాళ్లు 1885 మంది, వాళ్లలో బీటా బ్లాకర్ వల్ల ముప్పు నాలుగోవంతు తగ్గింది. ఈఎఫ్ 50 దాటినవాళ్లు 17 వేలకు పైగా, వాళ్లలో ఏ లాభమూ కనపడలేదు. అంటే మీ జూనియర్లు ఇద్దరూ రైటే, ఇద్దరూ సగం సగం చెప్పారు. మీరు ఆ రోజు "నాకు తెలీదు" అని లోపల కుమిలిపోయేబదులు "ఈ పేషెంట్ ఈఎఫ్ ఎంత, ఎప్పుడు తీసింది?" అని అడిగుంటే సరిపోయేది. ఏ ట్రయల్ పేరూ తెలియకపోయినా అడగ్గలిగే ప్రశ్న అది.

ఆ ఎప్పుడు తీసింది అన్న మాట ఊరికే అనలేదు. ఈ వార్త వచ్చాక నాకూ ఉబలాటం పుట్టింది, మనవాళ్లలో ఎవరికి ఇది నిజంగా అవసరమో చూద్దాం అని గుండెపోటు తర్వాత నా ఫాలో అప్‌లో ఉన్న 20 మంది ఫైళ్లు వరసగా తీయించా, ఏరకుండా, పైనుంచి 20. కూర్చుని తిప్పుతుంటే సిగ్గేసింది. ఏడు ఫైళ్లలో రెండో రోజు తీసిన ఎకో (ఈఎఫ్ కొలిచే గుండె స్కాన్) తప్ప తర్వాతది లేనే లేదు. రెండో రోజు కండరం ఇంకా మొద్దుబారి ఉంటుంది, ఆ నంబర్ ఆరు వారాల తర్వాత ఎటు పోతుందో ఎవరికి తెలుసు. ఇంకో మూడింట్లో "ఎల్‌వీ ఫంక్షన్ ఫెయిర్", అంటే గుండె ఎడమ గది పనితీరు ఫర్వాలేదు అని రాసుంది, అంతే, నంబర్ లేదు. ఫెయిర్ అంటే నలభై రెండా, యాభై అయిదా? ఆ రాత మరెవరిదో కాదు, ఒక దానిమీద నా సంతకమే ఉంది. అంటే 20 మందిలో పది మందికి ఆ 17 వేలమంది లెక్క నాకు పనికిరాదు, ఎందుకంటే వాళ్లు ఏ గీతకి ఏ పక్కన ఉన్నారో నాకే తెలీదు. అంత పెద్ద వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఫోన్లోకి వచ్చేసింది గానీ నా ఫైల్లోకి ఎకో రాలేదు. ఆ తర్వాత డిశ్చార్జ్ కాగితం మీదే రిపీట్ ఎకో తేదీ రాయడం మొదలుపెట్టాం, ఈఎఫ్ నంబర్ లేకుండా రిపోర్ట్ బయటికి పంపొద్దని ల్యాబ్‌లో చెప్పాం. ఆ ఏడాది నేను నేర్చుకున్న కార్డియాలజీ అదే, దానికి నాకు ఎవరూ క్రెడిట్ అవర్ ఇవ్వలేదు.

అందుకని నా సలహా ఏంటంటే, వార్త దగ్గర మొదలుపెట్టి పేషెంట్ దగ్గరికి రావడం మానేయండి, ఎదురు దారిలో వెళ్లండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి, ఫోన్లో నోట్స్ అయినా సరే, రౌండ్స్‌లో ఓపీలో "ఇది ఎందుకు చేస్తున్నాం" అని మీకు అనుమానమొచ్చిన ప్రతిసారీ ఒక లైను. వారానికి అయిదారు వస్తాయి. ఆదివారం వాటిలో ఒక్కటి పట్టుకోండి, ఒక్కటే, గంట. నాలుగు గ్రూపుల్లో మూడింటిని మ్యూట్ చేసేయండి, నిజంగా గుండెలు బద్దలయ్యే వార్తయితే ఎలాగూ మీ దాకా వచ్చే తీరుతుంది, మీ జూనియర్ పాపే తెస్తుంది.

కొత్త వార్తల విషయంలో తొందరెందుకు వద్దంటానో కూడా చెప్తా. 1989లో కాస్ట్ ట్రయల్ వచ్చింది. అప్పటిదాకా అందరి లెక్కా ఏంటంటే, గుండెపోటు తర్వాత ఎక్స్‌ట్రా బీట్స్ ఎక్కువున్నవాళ్లు ఎక్కువ పోతున్నారు, కాబట్టి మందేసి ఆ బీట్స్ అణిచేస్తే బతుకుతారు. ఎంత సబబుగా ఉంది! ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ వేశారు, హోల్టర్ రికార్డింగ్‌లో (రోజంతా తీసే ఈసీజీ) బీట్స్ చక్కగా మాయమయ్యాయి, మనుషులు మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా ఎక్కువమంది చనిపోయారు, ట్రయల్‌లో ఆ మందుల్ని మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. 2006లో టోర్సెట్రపిబ్ అనే మందు కథా ఇదే, మంచి కొలెస్ట్రాల్‌ని 70 శాతం పైన పెంచింది, చావుల్నీ పెంచింది. కాబట్టి ఏ స్లైడ్ వచ్చినా ముందు చూడాల్సింది తగ్గింది ఏంటి అని. రిపోర్టులో నంబర్ తగ్గిందా, మనిషికి జరిగేది తగ్గిందా. రిపోర్టులో నంబరే అయితే దాన్ని అక్కడే వదిలేసి భోజనానికి వెళ్లండి.

రెండోది శాతాల గారడీ. డాపా హెచ్ఎఫ్ ట్రయల్ తీసుకోండి, 2019, డపాగ్లిఫ్లోజిన్ అనే మందు మీద, ఈఎఫ్ తగ్గిన హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లు 4744 మంది. స్లైడ్ మీద పెద్దక్షరాలతో 26 శాతం తగ్గింపు అని ఉంటుంది. పేపర్ తెరిస్తే, గుండె జబ్బుతో చావు లేదా హార్ట్ ఫెయిల్యూర్ ముదరడం, మందు గ్రూపులో 16.3 శాతం, లేనివాళ్లలో 21.2. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 4.9. వందని 4.9తో భాగిస్తే ఇరవై చిల్లర. అంటే ఏడాదిన్నరపాటు 21 మందికి ఇస్తే ఒక్కరికి ఆ గండం తప్పుతుంది. ఇది చాలా మంచి మందు, నేను రోజూ రాస్తా, తక్కువ చేసి చెప్పడంలేదు. కానీ "26 శాతం" అని విన్నప్పుడు మీ బుర్రలో ఏం బొమ్మ కదిలింది, "21 మందిలో ఒకరు" అంటే ఏం కదిలింది? ముప్పే తక్కువున్న పేషెంట్లలో అయితే ఇదే 26 శాతం 200 మందిలో ఒకరు కూడా కావచ్చు. ఈ తీసివేత, భాగహారం చేయడానికి ఒక నిమిషం పడుతుంది, స్లైడ్ ఫొటో మీదే చేయొచ్చు, ఆ రెండు నంబర్లు స్లైడ్‌లో లేకపోతే అదీ ఒక సమాచారమే.

ఇంకోటి, ఒక్క ట్రయల్ చూసి తీర్పివ్వడం సీరియల్‌లో ఒక్క ఎపిసోడ్ చూసి కథ చెప్పినట్టుంటుంది. స్థిరంగా ఉన్న ఛాతీనొప్పికి స్టెంట్ వేయాలా అన్న గొడవ చూడండి, 2007లో కరేజ్ ట్రయల్ వచ్చి స్టెంట్ వల్ల చావు గానీ గుండెపోటు గానీ తగ్గలేదంది, 2017లో ఆర్బిటా వాళ్లు 200 మందిలో కొందరికి స్టెంట్ వేసి, కొందరికి వేసినట్టు నటించి చూస్తే ట్రెడ్‌మిల్ మీద నడవగలిగే సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, "స్టెంట్ దండగ" అని హెడ్‌లైన్లు వచ్చేశాయి, 2020లో 5179 మందితో ఇస్కీమియా అనే ట్రయల్ కూడా ప్రాణం విషయంలో తేడా లేదు గానీ నొప్పి ఎక్కువున్నవాళ్లకి ఉపశమనం ఉందంది, 2023లో ఆర్బిటా 2, అదే టీమ్, ఈసారి ఛాతీనొప్పికి వాడే మందులు ఆపించి 301 మందిలో చూస్తే స్టెంట్ వల్ల నొప్పి నిజంగానే తగ్గింది. పదహారేళ్లు పట్టింది ఒక ప్రశ్న నలగడానికి. 2017లో ఆ హెడ్‌లైన్ ఒక్కటే చదివి ఆగినవాడూ, అసలేదీ చదవకుండా కనపడిన ప్రతి బ్లాక్‌కీ స్టెంట్ వేసుకుంటూ పోయినవాడూ ఇద్దరూ ఒకలాంటివాళ్లే నా దృష్టిలో.

గైడ్‌లైన్స్ గురించి మీరడగలేదు, నేనే చెప్తా. వందల పేజీలు చదవలేరు, ఎవరూ చదవరు, చదివామని చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను. యూరోపియన్ వాళ్ల గైడ్‌లైన్ మొదట్లో కొత్తగా ఏం చేరింది, ఏది మారింది అని టేబుల్స్ ఉంటాయి, అవి చదవండి. చదివేటప్పుడు క్లాస్ ఒక్కటే చూడకండి, పక్కన లెవెల్ కూడా చూడండి. క్లాస్ వన్ అంటే చేయమని చెప్తున్నారు, లెవెల్ సీ అంటే ఎక్కువగా పెద్దలు కూర్చుని అనుకున్నారు అని అర్థం. 2019లో ఒక లెక్క తీశారు, అమెరికా గుండె గైడ్‌లైన్స్‌లో ఒకటికి మించిన మంచి ట్రయల్స్ నిలబెట్టే లెవెల్ ఏ సిఫార్సులు 8.5 శాతమే, యూరప్ వాళ్లలో 14 శాతం చిల్లర. మిగతాదంతా తప్పని కాదు, కానీ జూనియర్ మీద "గైడ్‌లైన్‌లో ఉంది" అని గద్దించేముందు ఒకసారి ఆ అక్షరం చూసుకుంటే మంచిది. బీపీ దగ్గర చూడండి, 2017 నుంచి అమెరికా వాళ్లకి 130/80 దగ్గరే హైపర్‌టెన్షన్ మొదలు, యూరప్ వాళ్లు 2024లో కూడా 140/90 దగ్గరే ఉంచి, కింద 120 నుంచి 139 దాకా ఉన్నవాళ్లకి "పెరిగిన బీపీ" అని ఇంకో పేరు పెట్టారు. ఒకే మనిషి, ఒకే చెయ్యి, రెండు పేర్లు. ఏదో ఒకటి పట్టుకుని డిపార్ట్‌మెంట్ అంతా అదే వాడండి, పొద్దున ఒకరు సాయంత్రం ఒకరు మారిస్తే పేషెంట్ పిచ్చోడైపోతాడు.

కాన్ఫరెన్స్ సంగతి. ఇక్కడ ఒక సరదా విషయం, 2015లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అమెరికాలో రెండు పెద్ద కార్డియాలజీ మీటింగులు జరిగే రోజుల్లో, అంటే పెద్ద డాక్టర్లు చాలామంది ఊళ్లో లేనప్పుడు, టీచింగ్ హాస్పిటల్స్‌లో చేరిన పేషెంట్లు ఏమయ్యారని పదేళ్ల రికార్డులు చూశారు. ముప్పు ఎక్కువున్న హార్ట్ ఫెయిల్యూర్ వాళ్లలో నెలరోజుల్లో చనిపోయినవాళ్లు మామూలు రోజుల్లో 24.8 శాతం, మీటింగ్ రోజుల్లో 17.5. కార్డియాక్ అరెస్ట్ వాళ్లలో 69.4 నుంచి 59.1కి. గుండెపోటు వాళ్లలో స్టెంట్లు తగ్గాయి, చావులు పెరగలేదు. ఎందుకో గట్టిగా ఎవరూ చెప్పలేరు, ఇలాంటి స్టడీతో కారణం తేలదు, కానీ ఏ కాన్ఫరెన్స్‌కి బయల్దేరినా నాకు ఈ పేపర్ గుర్తొచ్చి నవ్వొస్తుంది, నేను లేకపోతే ఏమైపోతారో అనే బెంగ కొంచెం తగ్గుతుంది.

కంపెనీ ఖర్చుతో వెళ్లాలా అన్నదానికి నా జవాబు వద్దనే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. కానీ నేను చిన్నప్పుడు ఒకసారి అలా వెళ్లొచ్చా, ఏ కంపెనీయో ఇప్పుడెందుకు, వచ్చాక మూడు నెలలు వాళ్ల మాత్రే రాశా, నాకు తెలీకుండానే, ఎవరూ రాయమనలేదు కూడా, ఒకరోజు ఫార్మసీ అతను "సార్ ఈ మధ్య ఇదొక్కటే రాస్తున్నారు" అంటే అప్పుడు తెలిసింది. మనం అమ్ముడుపోం అనుకుంటాం, అమ్ముడుపోయినట్టు మనకి తెలియదు అంతే. మీ నియమాలు ఏమంటున్నాయో కూడా చూసుకోండి, చాలా దేశాల్లో దీనిమీద ఆంక్షలున్నాయి. సొంత డబ్బుతో రెండేళ్లకొకసారి వెళ్లినా చాలు. వెళ్తే పెద్ద హాల్లో కొత్త ట్రయల్ చదివేచోట కుర్చీ కోసం తోసుకోకండి, ఆ పేపర్ చాలాసార్లు అదే గంటలో జర్నల్లో వచ్చేస్తుంది, ఇంట్లో కూర్చుని చదవొచ్చు. చేత్తో నేర్చుకునే చిన్న సెషన్లు ఉంటాయి, ఎకో స్ట్రెయిన్, ఇంట్రావాస్క్యులర్ ఇమేజింగ్, పేస్‌మేకర్ ప్రోగ్రామింగ్ లాంటివి, వాటికి వెళ్లండి, తప్పు చేసి తిట్లు తినే అవకాశం ఉన్నచోటికి వెళ్లండి.

క్రెడిట్ అవర్స్ గురించి నిజం చెప్పినందుకు సంతోషం, వీడియో ఒక పక్క, ఈసీజీలు ఒక పక్క పెట్టుకున్నవాళ్లు మీరొక్కరే కాదు. ఇది పెద్దగా పనిచేయదని లెక్కలు కూడా ఉన్నాయి. డాక్టర్లకి పెట్టే క్లాసులు, మీటింగుల మీద 2009లో కోక్రేన్ వాళ్లు (స్టడీలన్నీ ఒకచోట చేర్చి చూసే సంస్థ) తీసిన రివ్యూలో, ప్రాక్టీస్‌లో వచ్చే మార్పు సగటున 6 శాతం దగ్గరే తేలింది, అందులోనూ ఉత్త ఉపన్యాసం కన్నా మధ్యలో చర్చ, సాధన కలిపినవి నయం. 2005లో ఇంకో రివ్యూ, 62 స్టడీలు, వాటిలో సగానికి పైగా చెప్పిందేంటంటే ప్రాక్టీస్‌లో ఏళ్లు గడిచేకొద్దీ డాక్టర్ల పనితీరు కొలిచిన ప్రతి విషయంలోనూ తగ్గుతోందని. అనుభవం పెరిగితే నైపుణ్యం దానంతటదే పెరుగుతుందని మనకో నమ్మకం కదా, నాకు ఈ వయసులో ఇది చదవడం ఏమంత బాగాలేదు.

తక్కువపడ్డ గంటలకి కేసు ఇచ్చి ప్రశ్న అడిగి, తప్పు సమాధానం పెడితే ఎందుకు తప్పో చెప్పే కోర్సులు వెతుక్కోండి, చివర్లో ఒకే పరీక్ష పెట్టేవి కాకుండా. వీడియో చూసేముందే ప్రశ్నలకి జవాబు పెట్టేయండి, తప్పయినా సరే, తప్పు చేశాక విన్నది గుర్తుంటుంది. నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ చేయండి. అలాగే మీకు బాగా వచ్చిన సబ్జెక్ట్ తీసుకోకండి, అందరం అదే చేస్తాం, రోజూ యాంజియో చేసేవాడు మళ్లీ స్టెంట్ల మీదే కోర్సు చేస్తాడు, హాయిగా ఉంటుంది కాబట్టి. మీకు ఏ పేషెంట్ వస్తే పక్క డాక్టర్‌కి పంపేద్దామనిపిస్తుందో ఆ సబ్జెక్ట్ తీసుకోండి. గర్భిణిలో వాల్వ్ జబ్బా, పెద్దయిన పుట్టుకతో గుండెజబ్బువాళ్లా, అమిలాయిడోసిసా, మీకే తెలుసు.

ఇక ఆ పాప. ఆమెని పిలిచి వారానికి ఇరవై నిమిషాలు మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక పేపర్ చెప్పమనండి, మీ జేబు పుస్తకంలోని ప్రశ్నకి సంబంధించింది. కుర్రాడిని ఎదురు వాదించమనండి. స్లైడ్లు వద్దు, అసలు పేపర్ కాగితాల మీద, పట్టికలు చూస్తూ. చివర్లో ఒక్క లైను బోర్డు మీద రాయండి, సోమవారం నుంచి మనం ఏం మారుస్తున్నాం అని. చాలా వారాలు "ఏమీ మార్చడం లేదు" అనే రాయాల్సొస్తుంది, రాయండి, మొహమాటపడకండి. మొదటి వారం మీరే చెప్పండి, బీటా బ్లాకర్ సంగతే, "ఆ రోజు నాకు తెలీదు, ఇప్పుడు చూశా" అని మొదలుపెట్టి.

కానీ దానికన్నా ముందు మీ 20 ఫైళ్లు తీయించండి, ఏరకుండా, పైనుంచి. ఆరు వారాలు దాటాక తీసిన ఎకో, నంబర్‌తో సహా, ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టి నాకు రాయండి. నాకు పది వచ్చాయి, మీకెన్నొస్తాయో చూడాలి.